ముట్లు ఆగాక వచ్చిన బీపీ: మాత్రతో పాటు ఊపిరి

కావలిలో నా దగ్గరికి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లలో నలభై ఐదు దాటిన ఆడవాళ్లు ఎక్కువ. కొలతలు ఇస్తూ ఇస్తూ మనసులో మాటలన్నీ చెప్పుకుంటారు. ముట్లు ఆగిపోయాయని, ఒళ్లంతా ఆవిర్లు వస్తున్నాయని, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, ఊరికే కోపం వస్తోందని చెప్తారు. బీపీ చూపించుకున్నామని చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. నెలనెలా ఉండే బాధ ఒకటి వదిలిందని అనుకుంటాం గానీ, అప్పటి నుంచే రక్తపోటు మీద ఒక కన్నేసి ఉంచాలని మనకు చెప్పేవాళ్లు లేరు. నాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు నలభై తొమ్మిదో ఏట ముట్లు ఆగాయి. ఏడాది పాటు ఒక్కసారి కూడా రాకపోతేనే పూర్తిగా ఆగినట్టు లెక్క. మన దేశంలో ఆడవాళ్లకు సగటున నలభై ఆరు, నలభై ఏడేళ్లకే ఆగిపోతాయంటారు కాబట్టి నాకు కొంచెం ఆలస్యమే. ఆ తర్వాత ఆవిర్లు మొదలయ్యాయి. టేపు మెడలో వేసుకుని ఎవరికో చంక కొలత తీస్తూ ఉంటానా, ఛాతీ దగ్గర మొదలై మెడ మీదుగా చెవుల దాకా వేడి ఎక్కేది. చెమటకు టేపు మెడకు అతుక్కుపోయేది. ఫ్యాను కింద కాసేపు నిలబడితే తగ్గేది, ఆ వెంటనే చలి. రాత్రి అదే వేడితో లేస్తే మళ్లీ నిద్ర పట్టేది కాదు. ఒక్కోరోజు తెల్లవారి లేచేసరికి తల వెనక బరువుగా ఉండేది.

ఆ బరువుకూ బీపీకీ సంబంధం ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. చాలామందికి బీపీ ఎంత పెరిగినా ఏమీ తెలియదు, నొప్పి ఉండదు, అసలు గుర్తే ఉండదు. నాది బయటపడింది కూడా తలనొప్పి వల్ల కాదు. వార్డు సచివాలయం ఏఎన్ఎం అమ్మాయి ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూస్తూ మా ఇంటికీ వచ్చింది. మిషను మీద నుంచి లేచి చెయ్యి చాపాను. పై అంకె 160, కింది అంకె 96 వచ్చింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసింది. పెద్దగా తేడా లేదు.

"అక్కా, ఇది ఎక్కువే. డాక్టర్‌కి చూపించుకో, ఊరికే ఉండొద్దు" అని కాగితం మీద రాసిచ్చి వెళ్లింది.

ముందు దగ్గరలో ఉన్న ఒక క్లినిక్కుకు పోయాను. ఆయన నా వయసు అడిగి, "ఈ వయసులో ఆడవాళ్లకి మామూలేనమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని నిద్ర మాత్రలు రాసి పంపించారు. మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. ఫోన్‌లో ఈ సంగతి విని ఊరుకోలేదు. నెల్లూరు తీసుకెళ్లి ఒక డాక్టరమ్మకు చూపించింది.

ఆవిడ చేసిన మొదటి పని ప్రశ్నలు అడగడం. కాన్పుల్లో బీపీ వచ్చిందా అన్నారు. వచ్చింది. పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో కాళ్లు వాచి, బీపీ పెరిగి ఆసుపత్రిలో పెట్టారు. కాన్పయ్యాక అంతా సర్దుకుంది కాబట్టి ఆ సంగతి మేం మర్చిపోయాం. గర్భంతో ఉన్నప్పుడు బీపీ వచ్చినవాళ్లకు తర్వాతి వయసులో బీపీ, గుండె జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువట. పాతికేళ్లయినా ఆ మాట డాక్టర్‌కు చెప్పాలట. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా కాన్పుల్లో బీపీ వచ్చి ఉంటే దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత మోకాళ్ల నొప్పులకు ఏం వాడుతున్నావన్నారు. మిషను తొక్కేవాళ్లకు నడుము, మోకాళ్లు నొప్పులు లేకుండా ఉంటాయా. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చుకుని వేసుకోవడం మా వీధిలో అందరికీ అలవాటే. ఆ రకం నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి బీపీని పెంచుతాయని, బీపీ మాత్ర పనిని కూడా చెడగొడతాయని ఆవిడ చెప్పారు. రాత్రి గురక పెడతావా అనీ అడిగారు. మా ఇంటాయన వైపు చూసి అడిగారు, నా వైపు చూసి కాదు. రక్తంలో క్రియాటినిన్, పొటాషియం, కొలెస్ట్రాల్, షుగర్, థైరాయిడ్, మూత్రంలో అల్బుమిన్, ఈసీజీ అన్నీ చేయించారు. దేవుడి దయవల్ల కిడ్నీలు, గుండె బాగానే ఉన్నాయి.

ముట్లు ఆగాక బీపీ ఎందుకు పెరుగుతుందో ఆవిడ చెప్పిన తీరు నాకు బాగా ఎక్కింది. ఆడవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్నన్నాళ్లూ రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని బాగా తయారు చేస్తుంది. దానివల్ల నాళాలు సులువుగా సాగుతాయి. ముట్లు ఆగేటప్పటికి ఈస్ట్రోజెన్ పడిపోతుంది, నాళాలు బిరుసెక్కుతాయి. అదే సమయంలో నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది, తిన్న ఉప్పుకు ఒళ్లు మునుపటి కంటే ఎక్కువగా స్పందిస్తుంది, ఒంటిని ఎప్పుడూ హుషారు పెట్టే నరాల జోరు పెరుగుతుంది. యాభై లోపల బీపీ మగవాళ్లలో ఎక్కువ. అరవై దాటాక ఆడవాళ్లు వాళ్లను మించిపోతారు. ఇది టెన్షన్ ఒక్కదానితో వచ్చేది కాదు, మన స్వభావంలో లోపమూ కాదు.

ఇక్కడే ఇంకో మాట. మన రాష్ట్రంలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలా ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి ఆ ఆపరేషన్ అయితే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి అయింది. మా వదినకు ముప్పై ఆరేళ్లకే తీసేశారు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లు ఆగినట్టు. వాటిని ఉంచినా కొందరికి వయసు కంటే ముందే అవి పని తగ్గిస్తాయి. నలభైలోనే బీపీ వచ్చిందేమని మా వదిన గురించి అందరూ ఆశ్చర్యపోయేవాళ్లు. ఆ వయసులో ఆపరేషన్ అయినవాళ్లు యాభై వచ్చేదాకా ఆగకుండా ముందే బీపీ చూపించుకోవాలి.

డాక్టరమ్మ మాత్ర మొదలుపెట్టారు. ముందు ఆమ్లోడిపిన్ ఇచ్చారు. బీపీ దిగింది గానీ సాయంత్రానికి మడమల దగ్గర వాపు వచ్చి చెప్పుల పట్టీ అచ్చు పడేది. అది ఆ మందుకు కొందరిలో వచ్చేదేనని చెప్పి టెల్మిసార్టాన్‌కు మార్చారు, వాపు పోయింది. మాత్ర పడలేదని వీధిలో మానేసినవాళ్లను చూశాను. మానేయడానికీ మార్పించుకోవడానికీ చాలా తేడా ఉంది.

ఇంట్లో చూసుకోవడానికి చేతికి చుట్టే డిజిటల్ మిషను కొన్నాం. మణికట్టుకు పెట్టేది చవకగా దొరుకుతుంది గానీ దాని అంకెలు అంత నమ్మకంగా ఉండవని డాక్టరమ్మ వద్దన్నారు. చూసుకునే పద్ధతి మా అమ్మాయి నేర్పింది. ముందు బాత్రూంకు పోయి రావాలి. కాఫీ తాగిన అరగంట దాకా చూడకూడదు. వీపు ఆనించి, రెండు పాదాలూ నేలమీద పెట్టి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ కింది అంచు మోచేతి మడత కంటే రెండు వేళ్లు పైన ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనాలి. నా కుట్టుమిషను బల్ల ఆ ఎత్తుకు సరిగ్గా సరిపోయింది. ఉదయం మాత్రకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి చూసి, కొలతలు రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీల్లో రాసేదాన్ని. ఆసుపత్రిలో 140, 90 దాటితే బీపీ అంటారు. ఇంట్లో చూసుకుంటే ఆ గీత 135, 85. ఆసుపత్రి అంటేనే గుండె దడదడలాడేవాళ్లకు అక్కడ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఈ తేడా.

యోగా నా జీవితంలోకి వచ్చింది 2025 మే నెలలో. మన ప్రభుత్వం యోగాంధ్ర అని మే 21 నుంచి జూన్ 21 దాకా ఊరూరా, వార్డు వార్డునా నేర్పించింది కదా. జూన్ 21న విశాఖ సముద్రం ఒడ్డున ప్రధానమంత్రి వచ్చి చేసిన పెద్ద కార్యక్రమం దాని ముగింపు. మాకు దగ్గరలో ఉన్న స్కూలు గ్రౌండులో పొద్దున్నే చెప్పేవాళ్లు. రోహిణి కార్తె ఎండలు. ఆరున్నరకే నేల కాలుతూ ఉండేది. మా వీధి వాళ్లతో కలిసి నేనూ పోయాను.

మొదట్లోనే నేర్పే మేడం, "బీపీ ఉన్నవాళ్లు చేతులెత్తండి" అన్నారు. మేం కొందరం ఎత్తాం. మమ్మల్ని వేపచెట్టు కిందికి వేరుగా రమ్మన్నారు. ముందు వరసలో మా వీధి ఆవిడ ఒకామె ఎత్తలేదు, నలుగురిలో ఎందుకని. మేడం ఆమె దగ్గరికి వెళ్లి చిన్నగా, "పెద్దమ్మా, ఇది దాచుకునే విషయం కాదు, దాచుకుంటే మీకే నష్టం" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆ మేడం మీద నాకు గౌరవం కుదిరింది అప్పుడే. మిగతా జనం కపాలభాతి, భస్త్రిక అని గబగబా గాలి ఎగరేస్తుంటే మాకు అవి వద్దన్నారు. గాలి వేగంగా కొట్టే ప్రాణాయామాలు, ఊపిరి బిగబట్టే కుంభకం, తల కిందికి కాళ్లు పైకి పోయే శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం బీపీ ఉన్నవాళ్లు చేయకూడదు. టీవీలో చూసి, ఫోన్‌లో చూసి ఇంట్లో సొంతంగా మొదలుపెట్టేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు, సగం ప్రమాదం తప్పుతుంది.

మాకు చెప్పిన ఆసనాలు చాలా తేలికవి. తాడాసనం, కూర్చుని నడుము పక్కకు తిప్పే వక్రాసనం, పడుకుని ఒక్కో మోకాలు పొట్ట మీదికి తెచ్చుకునే పవనముక్తాసనం, బోర్లా పడుకుని ఛాతీ కొంచెం మాత్రమే ఎత్తే భుజంగాసనం, చివర వెల్లకిలా పడుకుని ఒళ్లంతా వదులు చేసే శవాసనం. ఏ ఆసనంలోనైనా ఊపిరి ఆగిపోతే అక్కడికి ఆపేయమనేవారు. మిషను మీద వంగి వంగి నా భుజాలు చెవుల దగ్గరికి వచ్చేశాయి. తాడాసనంలో చేతులు పైకెత్తినప్పుడు రెక్కల ఎముకల మధ్య ఏదో వదులైనట్టుండేది. అంతకు మించి వీటి గురించి రాయడానికి లేదు. అసలు సరుకంతా ఊపిరిలో ఉంది.

కళ్లు మూసుకుని కూర్చోబెట్టి, చేయి పొట్ట మీద పెట్టుకుని, మీ ఊపిరి ఎక్కడ ఆడుతోందో చూసుకోండి అన్నారు మేడం. నాది గొంతు కింద, పై ఛాతీలో ఆడుతోంది. పొట్ట కదలనే లేదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు నేను ఊపిరి బిగబడతానన్న సంగతి ఆ తర్వాత రోజు మిషను దగ్గర గమనించాను. అంచు మలిచేటప్పుడూ అంతే, కాజాలు కుట్టేటప్పుడూ అంతే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎన్ని వందల సార్లు బిగబట్టి వదులుతానో. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకూ ఇదే ఉంటుందట.

మేం నేర్చుకున్నది అనులోమ విలోమం. బిగబట్టడం లేకుండా. కుడిచేతి బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమ ముక్కుతో పీల్చాలి. ఉంగరపు వేలితో ఎడమది మూసి కుడివైపు వదలాలి. మళ్లీ కుడివైపే పీల్చి ఎడమవైపు వదలాలి. అది ఒక చుట్టు. పీల్చేటప్పుడు నాలుగు అంకెలు, వదిలేటప్పుడు ఆరు అంకెలు లెక్కపెట్టాలి. ఒక్కో అంకె ఒక సెకను అనుకుంటే ఊపిరికి పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు ఊపిర్లు. మామూలుగా మనం నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై దాకా తీసుకుంటాం. మొదట్లో నాకు ఆరు అంకెలు కుదరలేదు, చివర్లో గాలికి అల్లాడేదాన్ని. అల్లాడితే దాని ప్రయోజనమే పోతుందని మేడం మూడుకు పీల్చి నాలుగుకు వదలమన్నారు. అలాగే నెమ్మదిగా పెంచుకున్నాను. జలుబు చేసి ముక్కు దిబ్బడ వేసిన రోజు వేళ్లు పెట్టకుండా రెండు ముక్కులతో అదే లెక్కలో చేసేదాన్ని.

పీల్చడం కంటే వదలడం పొడుగ్గా ఎందుకుండాలి అంటే, పీల్చినప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూసుకుంటే కొందరికి ఆ తేడా వేలికే తెలుస్తుంది. మెడలో, గుండె దగ్గరి పెద్ద నాళంలో రక్తపు ఒత్తిడిని కనిపెట్టే చోట్లు ఉన్నాయి. ఒత్తిడి పెరిగితే అవి మెదడుకు కబురు పంపి గుండెను నెమ్మదించమని, నాళాలను వదులు చేయమని చెప్పిస్తాయి. బీపీ ఉన్నవాళ్లలో ఆ కబురు మందగిస్తుంది. నిమిషానికి ఆరు ఊపిర్ల దగ్గర అది మళ్లీ చురుకవుతుందని పరిశోధనల్లో చూశారని మా అమ్మాయి తన పుస్తకాలు చూసి చెప్పింది. మిషను తొక్కడం ఆపినా చక్రం ఇంకాసేపు తిరిగి తిరిగి ఆగుతుంది కదా, పని ఆపేసి కూర్చున్నా నా లోపల అలాగే ఏదో తిరుగుతూ ఉండేది. ఈ పొడుగాటి ఊపిరి ఆ చక్రం మీద చెయ్యి పెట్టినట్టు పనిచేసింది.

భ్రామరి నాకు అన్నిటికంటే ఇష్టం. చెవి రంధ్రం ముందుండే చిన్న మెత్తటి ఎముకను వేలితో నొక్కి, నోరు మూసుకుని తుమ్మెదలాగా మ్‌మ్ అని ఊపిరి అయిపోయేదాకా శబ్దం చేయాలి. దీనిలో అంకెలు లెక్కపెట్టే పని లేదు, శబ్దం చేస్తే ఊపిరి దానంతటదే పొడుగవుతుంది. చదువు రాని పెద్దవాళ్లకు, లెక్క తప్పిపోతుందని కంగారు పడేవాళ్లకు ఇదే బాగుంటుంది. ఆవిరి వచ్చే సూచన ఛాతీలో కనిపించగానే నేను మూడు నాలుగు పొడుగు ఊపిర్లు వదులుతాను. ఆవిరి ఆగిపోయిందని చెప్పను, వస్తూనే ఉంటుంది. అది వచ్చినప్పుడు గుండె దడతో పాటు పుట్టే భయం మాత్రం తగ్గింది. నాలుక గొట్టంలా చుట్టి పీల్చే శీతలి వేసవికి హాయిగా ఉంటుంది. నాలుక చుట్టడం రానివాళ్లు పళ్ల సందుల్లోంచి పీల్చే శీత్కారి చేస్తారు. నోటితో పీల్చేవి కాబట్టి దుమ్ములో మాత్రం చేయకూడదు.

శవాసనం నుంచి లేవడం గురించి ఒక జాగ్రత్త. మాత్ర వేసుకునేవాళ్లు గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. కుడి పక్కకు ఒత్తిగిల్లి, చేతులు ఆనించి, కూర్చుని కాసేపు ఆగి అప్పుడు నిలబడాలి. మాలో ఒకావిడ ఫోన్ మోగిందని ఒక్కసారిగా లేచి తూలిపడబోయింది. పక్కనున్నావిడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

జూన్ 21 అయిపోయాక గ్రౌండు ఖాళీ అయింది. మేం ఐదారుగురం మాత్రం వదలలేదు. మా పక్కింటి డాబా మీద పొద్దున్నే చాపలు పరిచి చేసుకుంటున్నాం. మేడం వీలున్నప్పుడు వచ్చి సరిదిద్దుతారు, ఒక్క రూపాయి తీసుకోరు. పొద్దున అరగంటలో ఊపిరికే సగం. రాత్రి పడుకునే ముందు మంచం మీద కూర్చుని ఇంకో పది నిమిషాలు. రాత్రిది నాకు నిద్ర తెచ్చింది, ఆ క్లినిక్కు ఆయన రాసిన నిద్ర మాత్రలు మొదలుపెట్టే అవసరమే రాలేదు.

మా అమ్మాయి చెప్పిన సంగతుల్లో ఒకటి నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. ఇది కొత్తగా పుట్టిన పిచ్చి కాదు. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ కె.కె. దాతే 1969లోనే బీపీ రోగుల చేత శవాసనం చేయించి ఫలితాలు ప్రచురించారు. లండన్‌లో చంద్రా పటేల్ అనే డాక్టరమ్మ 1973లో ఇరవై మంది బీపీ రోగుల మీద యోగ విశ్రాంతిని ప్రయత్నించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఆ తర్వాత జరిగిన చాలా పరిశోధనలను కలిపి చూస్తే యోగా వల్ల పై అంకె సగటున ఐదు పాయింట్ల చుట్టూ తగ్గుతుందట. విన్నప్పుడు ఇంతేనా అనిపించింది. ఆ ఐదు పాయింట్లు ఏళ్ల తరబడి నిలిస్తే పక్షవాతం ముప్పు తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పారు. 160 ఉన్న మనిషిని ఊపిరి ఒక్కటే 120కి తేలేదు, మాత్ర కావాలి అని కూడా ఆవిడే చెప్పారు.

ఈ మాట మీద మా వదినతో నాకు వాదన జరిగింది. నేను యోగా చేస్తున్నానని తెలిసి ఆమె కూడా మొదలుపెట్టింది. కొన్నాళ్లకు 130 కనిపించేసరికి మాత్ర మానేసింది.

"ఏందమ్మా నీ చాదస్తం, తగ్గినాక ఇంకా మందెందుకు?" అంది.

"వదినా, ఆ తగ్గింది మాత్ర వల్ల కూడా కదా. డాక్టర్‌ని అడిగి మానెయ్, నీ అంతట నువ్వు కాదు" అన్నాను.

వినలేదు. మాత్ర ఆపిన కొద్ది రోజులకే మళ్లీ 170 దాటింది. మా అన్నయ్య కంగారుపడి ఫోన్ చేశాడు. ఛాతీ నొప్పి, మాట తడబడటం, ఒక పక్క బలం తగ్గడం ఏమైనా ఉందా అని అడిగాను, లేవన్నాడు. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు వదిన మాత్ర వేసుకుంటోంది, భ్రామరీ చేస్తోంది. రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

ఉప్పు సంగతి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. మా వైపు తిండిలో ఉప్పు ఎక్కడెక్కడ ఉంటుందో లెక్క వేస్తే భయమేస్తుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండు నెత్తళ్లు, ఉప్పు చేప. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు ఐదు గ్రాముల ఉప్పు దాటొద్దంటుంది, అంటే ఒక టీస్పూను. మేం ఇంట్లో ముగ్గురం. ఆ లెక్కన నెలకు నాలుగు వందల యాభై గ్రాములు దాటకూడదు, అది కూడా పచ్చళ్లలో ఉప్పుతో కలిపి. మా ఇంట్లో కిలో ప్యాకెట్టు నెల తిరక్కుండానే అయిపోయేది, పచ్చళ్ల ఉప్పు వేరే. మా ఇంటాయనకు చేపల పులుసులో ఉప్పు తగ్గితే ముద్ద దిగదు. అందుకని పులుసు జోలికి పోలేదు. ముందు మజ్జిగలో ఉప్పు మానేశాం, అన్నం వార్చేటప్పుడు వేసే ఉప్పు మానేశాం, ఎండు చేపలు ఎప్పుడో గాని వండటం లేదు, పచ్చడి ఆదివారం ఒక్కటే. పులుసులో మామిడికాయ ముక్క ఒకటి ఎక్కువ వేస్తే ఉప్పు కొంచెం తగ్గినా ఆయన కనిపెట్టలేదు. ఇప్పుడు ఆయన బీపీ కూడా బాగుంది.

నా అంకెలు చెప్తాను. మాత్ర మొదలుపెట్టాక ఇంట్లో 140 చుట్టూ ఆడుతూ ఉండేది. ఊపిరి, ఉప్పు రెండూ కలిశాక నెమ్మదిగా 130 దగ్గర కుదురుకుంది, కింది అంకె 80 పైచిలుకు. ఏది దేనివల్ల ఎంత తగ్గిందో విడదీయలేం అని డాక్టరమ్మ అన్నారు, నేనూ విడదీయను. రెండో మాత్ర కలపాల్సి వస్తుందేమో అన్నారు మొదట్లో, ఇప్పటిదాకా ఆ అవసరం రాలేదు. మిషను దగ్గర పని ఎక్కువున్న పండగ రోజుల్లో, ముఖ్యంగా సంక్రాంతి ముందు, పుస్తకంలో అంకెలు కొంచెం పైకి పోతాయి. చలికాలంలో ఎవరికైనా కొంచెం పెరుగుతుంది కాబట్టి అప్పుడు మరింత శ్రద్ధగా చూసుకోమన్నారు.

ఇప్పుడు నా బీపీ మిషను కుట్టు బల్ల మీదే ఉంటుంది. కొలతలకు వచ్చినవాళ్లలో నలభై దాటినవాళ్లను కాసేపు కూర్చోబెట్టి చూస్తున్నాను. రెండుసార్లూ 140 దాటితే అంకెలు చీటీ మీద రాసిచ్చి డాక్టర్ దగ్గరికి పొమ్మంటాను, మాత్ర పేరు ఒక్కటీ చెప్పను. చేతులు లావుగా ఉన్నవాళ్లకు మామూలు పట్టీ బిగుతై లేని బీపీ చూపిస్తుంది. మిషనుతో వచ్చేది సాధారణంగా ముప్పై రెండు సెంటీమీటర్ల చేతి దాకే, అంటే పన్నెండున్నర అంగుళాలు. జాకెట్టు చెయ్యి చుట్టు అంతకు మించినవాళ్లు మా దగ్గర చాలామందే, ఆ కొలత ఎలాగూ తీస్తాను కదా. అందుకని పెద్ద పట్టీ ఒకటి విడిగా తెప్పించి పెట్టుకున్నాను.